రింగుల లెక్క

2024 డిసెంబరు నెలాఖర్లో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరసగా మూడు రోజులు భూమి కదిలింది. కదిలిందంటే ఒకటి రెండు సెకన్లు, అంతే. గిన్నెలు గలగలమన్నాయి, బడిపిల్లలు బయటికి పరిగెత్తారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ వారమంతా ఒంగోలు కర్నూలు రోడ్డులో ఉన్న మా ఇనుము కొట్లో ఇదే మాట. టీ తాగడానికి వచ్చినవాళ్ళు కూడా సైంటిస్టులైపోయారు. గుండ్లకమ్మ కింద పగులుందని ఒకాయన, చీమకుర్తి క్వారీల్లో పేల్చే పేలుళ్ళ వల్లేనని ఇంకొకాయన. మూడో ఆయన "ఏందయ్యా మీ గోల, కలికాలం" అని తేల్చేసి, ఎనిమిది ఎంఎం ఇనుము ఈరోజు రేటెంతో అడిగాడు.

నాకు తుర్కియే, అదే టర్కీ, గుర్తొచ్చింది.

2023 ఫిబ్రవరి 6, సోమవారం. అక్కడ తెల్లవారుజామున నాలుగూ పదిహేడు. మనకు ఉదయం ఆరూ నలభై ఏడు. ఆ టైముకు మా ఇంట్లో ఏం జరుగుతూ ఉండేదో చెప్పడానికి జ్ఞాపకం అక్కర్లేదు, రోజూ జరిగేదే. మా ఆవిడ అమ్మాయికి జడ వేస్తూ క్యారేజీలో ఏం పెట్టాలో అడుగుతుంటుంది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని, వైజాగ్ నుంచి రావలసిన లోడు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవడానికి లారీ డ్రైవరుకు ఫోన్ చేస్తుంటాను. అక్కడ జనం గడ్డకట్టే చలిలో దుప్పట్లు కప్పుకుని నిద్రపోతున్నారు. 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. తొమ్మిది గంటల తర్వాత, మన టైము ప్రకారం సాయంత్రం నాలుగు కావస్తుండగా, 7.5తో ఇంకొకటి. మొదటిదానికి నిలబడ్డవి కొన్ని రెండోదానికి పడ్డాయి. భూమి మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు పొడవున చీలింది. ఒంగోలు నుంచి చెన్నై దాకా అనుకోండి. ఒక్క తుర్కియేలోనే 53 వేల మందికి పైగా పోయారు. పక్కన సిరియాలో ఇంకొన్ని వేల మంది.

ఆ వారం వీడియోలు మీరూ చూసే ఉంటారు. కహ్రమన్‌మరాష్‌లో ఒక తండ్రి శిథిలాల మీద కూర్చుని, స్లాబు కింద నుంచి బయటికి కనిపిస్తున్న కూతురి చెయ్యి పట్టుకుని ఉన్న ఫోటో. పరుపు ఇంకా ఆ పిల్ల కిందే ఉంది. మా అమ్మాయి అప్పుడు పదో తరగతి. ఆ ఫోటోను రెండోసారి చూడలేక ఫోను బోర్లించాను. ఫోను బోర్లిస్తే అయిపోయింది, అన్నం తిన్నాను. దూరం అంటే ఇదే కదా అని అప్పుడే అనిపించింది. మనకు ఎంత కావాలో అంతే చూసే వీలు.

కానీ నిజం చెప్పాలంటే, మిగతా వీడియోల్లో నా కన్ను మనుషుల మీద నిలవలేదు. విరిగిన పిల్లర్ల మీదికి పోయింది. పాతికేళ్ళుగా ఇనుము అమ్ముతున్నవాడి కన్ను మరి. కెమెరా మనుషుల్ని చూపిస్తుంటే నేను వాళ్ళ వెనక ఉన్న కడ్డీలను చూస్తున్నా. నిలువు కడ్డీలు బయటికి పొంగి, రింగులు నోరు తెరుచుకుని ఉన్నాయి. కొన్నిచోట్ల ఒక రింగుకూ ఇంకో రింగుకూ మధ్య నా మూర దూరేంత సందు.

రింగు అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పిల్లరులో నాలుగో, ఆరో, ఎనిమిదో నిలువు కడ్డీలు ఉంటాయి. వాటి చుట్టూ ఎనిమిది ఎంఎం కడ్డీని నలుచదరంగా వంచి కట్టేదే రింగు. ఇల్లు మామూలుగా నిలబడి ఉన్నంతకాలం ఈ రింగులు పెద్దగా పనిచేస్తున్నట్టే కనపడవు, బరువంతా కాంక్రీటూ నిలువు కడ్డీలే మోస్తాయి. భూమి అటూ ఇటూ ఊగినప్పుడు తెలుస్తుంది వాటి సంగతి. పిల్లరు పైచివరా కిందచివరా నలిగి, పైనున్న కాంక్రీటు పెచ్చు ఊడి, నిలువు కడ్డీలు బయటికి వంగబోతాయి. కట్టెలమోపుకు తాడెట్లాగో వీటికి రింగట్లా. తాడు తెగితే మోపు చెదురుతుంది, అంతే. అందుకే పిల్లరు రెండు చివర్లలో రింగులు నాలుగంగుళాలకు మించి ఎడంగా ఉండకూడదని మన దేశపు కట్టుబడి నియమాల కోడ్‌లోనే రాసి ఉంది. ఇంకో సంగతి, రింగు కొనలను లంబంగా వంచి వదిలేయకూడదు. కొక్కెం పిల్లరు కడుపులోకి తిరగాలి, 135 డిగ్రీలు. లంబంగా వంచినది పెచ్చు ఊడగానే విచ్చుకుంటుంది. నేను వీడియోల్లో చూసిన నోళ్ళు అవే.

లంబంగా వంచడం మేస్త్రికి తేలిక. లోపలికి వంచాలంటే ఒక్కో రింగు మీదా ఇంకో రెండు పట్లు పట్టాలి, పైగా కడ్డీల్లోకి దించేటప్పుడు చేతులు గీసుకుపోతాయి. అదీ అసలు కారణం. పుస్తకాల్లో ఇది ఉండదు.

మన దగ్గర భూకంపాలేంటి అంటారు చాలామంది. తుఫాను అంటే మనకు భయం ఉంది, తెలివీ ఉంది. మిచాంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటేముందు ఫోన్లకు మెసేజ్‌లు వచ్చాయి, స్కూళ్ళకు సెలవులిచ్చారు, మేమూ సిమెంటు బస్తాలన్నీ పట్టాల కిందికి సర్దుకున్నాం. భూకంపానికి ముందు ఎవరూ ఫోన్ చేయరు. ఒంగోలు, నెల్లూరు భూకంపాల మ్యాపులో మూడో జోనులోనే ఉంటూ వచ్చాయి. ఊరికే వేసింది కాదు. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో వచ్చింది. అప్పటికి ప్రకాశం జిల్లా అనేదే లేదు, ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది.

మా నాన్నకు అప్పుడు పన్నెండేళ్ళు. మద్దిపాడు దగ్గర మా ఊళ్ళో మట్టిమిద్దె. ఉట్టి మీద పెట్టిన పెరుగుకుండ ఊగి ఊగి గోడకు కొట్టుకుని పగిలిందని, మా నాయనమ్మ భూమి సంగతి తర్వాత, ముందు పెరుగు పోయిందని తిట్టిందని చెబుతుంటాడు. దంతెల సందుల్లోంచి మట్టి రాలి అందరూ దుమ్ముకొట్టుకుపోయారట. కొన్ని రాత్రులు వేపచెట్టు కింద మంచాలేసుకున్నారు. తర్వాత మళ్ళీ లోపలికి. ఆ ఊళ్ళో ఎక్కువ ఇళ్ళు తాటాకువే కాబట్టి మీద పడ్డా దులుపుకుని లేచే కప్పులే.

ఆ 5.4కూ తుర్కియే 7.8కూ మధ్య తేడా చూడ్డానికి రెండు అంకెల పైచిలుకే. కానీ భూకంప తీవ్రత లెక్క మన మార్కుల లెక్క కాదు. ఒక్కో అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లవుతుంది. ఆ లెక్కన తుర్కియేలో పుట్టినది మా నాయనమ్మ పెరుగు పోగొట్టినదానికి దాదాపు నాలుగు వేల రెట్లు. అంతటిది ఒంగోలుకు వస్తుందని నేను అనడం లేదు. భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది, అక్కడ అరేబియా పలక, అనటోలియా పలక ఒకదాన్నొకటి రాసుకుంటూ నడుస్తున్నాయి, మనం ఒక పలక మధ్యలో ఉన్నాం. అది నిజంగా అదృష్టమే, నేను సంపాదించుకున్నది కాదు. కానీ 1967కీ ఇప్పటికీ భూమి మారలేదు. మీద కప్పు మారింది. తాటాకు పోయి ఆర్‌సీసీ వచ్చింది. మావైపు "స్లాబు వేశారంట" అంటే ఆ కుటుంబం ఒక మెట్టు ఎక్కినట్టు. పిల్లకు సంబంధాలు కూడా ఆ మాట మీద వస్తాయి. నేను బతికేదే ఆ మాట మీద. తల మీద బరువు పెరిగింది, దాన్ని పట్టుకునే ఇనుము మాత్రం చాలా ఇళ్ళలో ఆ లెక్కన పెరగలేదు. ఎవరి ఇళ్ళలో పెరగలేదో నా బిల్లు పుస్తకాలు చూస్తే తెలుస్తుంది.

తుర్కియే భూకంపం వచ్చిన 2023 వేసవిలో ఒక జంట నా కొట్టుకు వచ్చారు. ఆయన ఆటో తోలతాడు, ఆమె పొగాకు గ్రేడింగుకు పోతుంది. కాలనీలో సెంటు స్థలం, అప్పట్లో ప్రభుత్వం ఇచ్చిన లక్షా ఎనభై వేలు, అదీ విడతలు విడతలుగా. మిగతాది ఆమె మెళ్ళో గొలుసు తాకట్టు. మేస్త్రి రాసిచ్చిన చీటీ సిగరెట్ పెట్టె అట్ట మీద ఉంది. తొమ్మిది పిల్లర్లు, రింగులు పదంగుళాలకొకటి.

"పది ఎక్కువమ్మా, ఆరు వెయ్యాలి, చివర్లలో నాలుగు," అన్నాను.

ఆయన నవ్వాడు. "నువ్వు ఇనుము అమ్మేవాడివి గదన్నా, అట్టాగే చెప్తావు."

ఏమనాలి? నిజమే కదా. ఇనుము ఎక్కువ వెయ్యమని చెప్పే హక్కు ప్రపంచంలో ఎవరికైనా ఉందేమో గానీ ఇనుము కొట్టువాడికి లేదు. డాక్టరే మందుల షాపు పెట్టుకున్నప్పుడు ఆయన రాసిన చీటీని మనం ఎట్లా చూస్తాం? అయినా కాగితం తీసి లెక్క వేసి చూపించాను. ఒక్కో రింగు మూడు వందల నలభై గ్రాములు. పిల్లరుకు పన్నెండు రింగులు ఎక్కువ పడతాయి. తొమ్మిది పిల్లర్లకు కలిపి నలభై కిలోలు దాటదు. అప్పటి రేటులో రెండున్నర వేలు. మనిషి బతుకుకూ చావుకూ మధ్య రెండున్నర వేలు అంటే నాకు చిన్నగా వినిపించింది. ఆమెకు వినిపించలేదు. అది ఆమెకు వారం పైన కూలి. ఆమె చాలాసేపు ఆ కాగితం వంకే చూసి, "నీ ఇంటికి రింగులు ఎంత దూరానికొకటి వేశావన్నా?" అని అడిగింది.

మంగమూరు రోడ్డులో మా ఇల్లు 2012లో కట్టాం. డ్రాయింగు ఇంజినీరు వేశాడు. రింగులన్నీ చివర్లలో నాలుగంగుళాలకే, కొక్కేలన్నీ లోపలికి. మా నాన్న "ఏందిరా ఇది, ఇల్లా బ్యాంకు లాకరా" అని సణిగాడు. కానీ ఇనుము మాకు కొన్న రేటుకే పడింది, మేస్త్రి మాకు తెలిసినవాడు, నేను రోజూ సైటుకు పోయి టేపుతో కొలిచాను. నా దగ్గర డబ్బుంది, తెలివుంది, చెబితే వినే మేస్త్రి ఉన్నాడు, కొలవడానికి తీరికుంది. ఈ నాలుగూ ఒకేచోట ఉండటం ఎంత అరుదో ఆమె అడిగేదాకా నేను అట్లా విడదీసి ఆలోచించలేదు. పిల్లరు మీద సిమెంటు పూత పడ్డాక మా ఇల్లూ ఆమె ఇల్లూ బయటికి ఒకటే. లోపల ఉన్నదే తేడా. కనపడనిదాని మీద డబ్బు పెట్టగలగడమే అసలు కలిమి అని నాకనిపిస్తుంది. కారు, ఏసీ అందరికీ కనపడతాయి, వాటికోసం అప్పు చేసేవాళ్ళూ ఉన్నారు. రింగులకోసం ఎవరూ అప్పు చేయరు.

ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇద్దరూ పక్కకు పోయి మాట్లాడుకున్నారు. వచ్చి, ఆరంగుళాల లెక్కకే ఇవ్వమన్నారు, బయట గోడలకు పూత తర్వాత చూసుకుంటామన్నారు. నేను ఏమీ వదులుకోకుండానే నాకు దక్కినదానికోసం ఆమె గోడల పూత వదులుకుంది.

తుర్కియేలోనూ కథ ఇట్లాంటిదే, కాకపోతే పెద్ద ఎత్తున. 1999 ఆగస్టు 17న ఇజ్మిత్ దగ్గర వచ్చిన భూకంపంలో 17 వేల మందికి పైగా చనిపోయారు. అప్పుడు కూలిన భవనాల కాంక్రీటులో సముద్రపు చిప్పలు కనపడ్డాయని వార్తలొచ్చాయి. అంటే కడగని సముద్రపు ఇసుక అన్నమాట. ఉప్పు ఇనుమును తినేస్తుంది. కొత్తపట్నం వైపు పనిచేసిన మేస్త్రీలకు ఇది ఒకరు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత వాళ్ళు కోడ్ మార్చుకున్నారు, మంచి కోడే, 2018లో మళ్ళీ మెరుగుపరిచారు. అదే 2018లో ఎన్నికల ముందు, అనుమతుల్లేకుండా కట్టినవాటికి ఫీజు కడితే రిజిస్టరు చేసేస్తామని పథకం పెట్టారు. లక్షల భవనాలు అట్లా సక్రమమైపోయాయి. ఇంజినీరు వచ్చి పిల్లరు చూసింది లేదు. మనకూ తెలిసిన సంగతే కదా, క్రమబద్ధీకరణ అనే మాట వినని టౌను మన రాష్ట్రంలో ఏదైనా ఉందా? ప్లానులో రెండంతస్తులు, కట్టేది మూడు, పైన ఇంకో రేకుల షెడ్డు.

హతాయ్ ప్రాంతంలో ఎర్జిన్ అని ఒక చిన్న పట్నం ఉంది. చుట్టూ ఊళ్ళు నేలమట్టమైతే అక్కడ ఒక్క భవనం కూలలేదు, ఒక్కరూ చనిపోలేదు. అక్రమ కట్టడాలకు నేను అనుమతివ్వలేదని మేయరు చెప్పాడు. కాదు, అక్కడి నేల గట్టిది, అందుకే బతికిపోయారని నేల శాస్త్రం తెలిసినవాళ్ళు అన్నారు. రెండూ నిజమై ఉండొచ్చు. మేయరు మాట మాత్రం నాకు బాగా నచ్చింది. లేదు అని చెప్పగలిగినవాడు ఒకడు ఉన్నాడని నమ్మాలనిపిస్తుంది, అందుకేనేమో.

ఇంకో సంగతి ఆ రోజుల్లో నన్ను బాగా కలవరపెట్టింది. గాజియాంతెప్, హతాయ్ ప్రాంతాల్లో సిరియా యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. బాంబులు తప్పించుకుని సరిహద్దు దాటి, చవకగా అద్దెకు దొరికిన పాత అపార్టుమెంట్లలో చేరారు. అద్దెకుండేవాడు పిల్లరులో రింగులు ఎన్నున్నాయని ఎవరిని అడుగుతాడు? అడిగితే ఇల్లిస్తారా? మన టీవీల్లో ఆపరేషన్ దోస్త్ చూపించారు, అంటే అక్కడికి మన దేశం పంపిన సాయం. మన ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్ళూ, వాళ్ళతో వెళ్ళిన కుక్కలూ, ఇస్కెందెరున్‌లో మన ఆర్మీ పెట్టిన ఆసుపత్రీ. చూసి గర్వపడ్డాను, అబద్ధమెందుకు. కుక్క వాసన పట్టి, శిథిలాల్లోంచి ఆరేళ్ళ పిల్లను బతికుండగా తీశారని విన్నప్పుడు కొట్లో అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం.

అంత దూరం ఎందుకు. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్టుమెంట్లు కూలాయి. వాటిలో చాలావరకు కింద కారు పార్కింగు, పైన నాలుగంతస్తులు. మనం సెల్లారు అంటామే, అది. పైన గదుల్లో గోడలుంటాయి కాబట్టి పైభాగమంతా బిగువుగా ఉంటుంది, కింద వట్టి పిల్లర్లే. ఊగినప్పుడు వంగాల్సిందంతా ఆ పిల్లర్లే వంగాలి. ఒంగోలులో గత ఇరవై ఏళ్ళలో కట్టిన అపార్టుమెంట్లలో సెల్లారు లేనిది చూపించండి. అవన్నీ పడిపోతాయని కాదు. లెక్కప్రకారం కట్టినది నిలుస్తుంది. ఏది లెక్కప్రకారం కట్టారో బయటినుంచి చెప్పలేం, అదీ చిక్కు. ఫ్లాటు కొనేవాళ్ళు నా దగ్గరికి కూడా వస్తుంటారు, తెలిసినవాడు కదా ఒకమాట అడుగుదామని. ఫ్లోరింగు గెలాక్సీ గ్రానైటే వెయ్యనా, పీఓపీ సీలింగు బాగుంటుందా అని అడుగుతారు. పిల్లర్ల డ్రాయింగు చూపించమని బిల్డరును అడిగారా అంటే, "ఎందుకులే, ఏమనుకుంటాడో" అంటారు. అరవై లక్షలు పోస్తూ మొహమాటం!

ముండ్లమూరు కదిలిన వారంలో మాత్రం చాలామంది రింగుల దూరం వాళ్ళంతట వాళ్ళే అడిగారు. ఒకాయన ఫోనులో ఏదో వీడియో చూసి వచ్చి 135 డిగ్రీలు అని నాకే పాఠం చెప్పాడు, సంతోషంగా విన్నాను. మెషీను మీద కొక్కెం లోపలికి వంచిన రెడీమేడ్ రింగులు తెప్పించి పెట్టాను. ఊళ్ళో పాత మేస్త్రి ఒకాయన వాటిని తిప్పి తిప్పి చూసి, "దించేటప్పుడు వేళ్ళు తెగుతాయన్నా, కూలి పెంచాల" అన్నాడు. పెంచమనే చెప్పాను, ఇల్లు కట్టేవాళ్ళకు. కొందరు పెంచారు. కొందరు పక్క కొట్టుకు పోయారు, అక్కడ ఇట్లాంటి ఉపన్యాసాలుండవు. సంక్రాంతి దాటేసరికి అడిగేవాళ్ళు తగ్గారు, ఇప్పుడు మళ్ళీ రేటు మాటే.

ఇల్లు కట్టేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, స్లాబు పోసే రోజు అందరూ వస్తారు, పూజ చేస్తారు, కూలీలకు భోజనాలు పెడతారు. దానికంటే ముందు, పిల్లర్లకు కాంక్రీటు పోసే బాక్సులు బిగించకముందు ఒకరోజు టేపు తీసుకుని వెళ్ళండి. అడుగున, పైన రింగుల మధ్య ఎంత ఉందో కొలవండి, కొక్కెం ఎటు తిరిగిందో చూడండి. మేస్త్రి విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. ఇనుము నా దగ్గరే కొనాలనేం లేదు.